అత్త చదివిన నా మొదటి కథ

మొన్న ఇంటికి సున్నం వేయిస్తుంటే అటక మీద సామానంతా కిందికి దించాల్సొచ్చింది. పాత ట్రంకుపెట్టెలు, విరిగిన లాంతరు, ఎవరివో ఎందుకు దాచామో తెలీని చెప్పుల జత, వాటి అడుగున మా సత్తెమ్మత్త ఇత్తడి గ్లాసు. అడుగున సొట్ట. చింతపండు పెట్టి తోమితే మళ్ళీ తళతళలాడింది. మా మనవరాలు రింకీ రాయ్‌పూర్‌లో చదువు వెలగబెడుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఎవరెవరికో ఏవేవో రాసిపెడుతూంటుంది. ఉద్యోగం కాదు, ఇష్టమైతే రాస్తుంది, లేకపోతే లేదు. దాన్ని ఫ్రీలాన్సింగ్ అంటారట. నా ముందు మంచమ్మీద బాసింపట్టు వేసుక్కూచుని, "మామ్మా, నువ్వు కూడా అదే కదా చేశావు లైఫ్ అంతా! ఎలా స్టార్ట్ చేశావ్? మత్‌లబ్, నీ పహలా కథ ఏది? చూపించు" అంది. చూపించినా చదవలేదు, తెలుగు అక్షరాలు కూడబలుక్కునేసరికి దానికి తెల్లారిపోతుంది. అది వేరే సంగతి. నా దగ్గర ఆ కథ లేదు. ఈ గ్లాసే ఉంది. అదే చూపించాను. అది నవ్వింది. నవ్వదూ మరి!

నిజమే, నేను ఏ పత్రికాఫీసులోనూ కుర్చీ మీద కూచోలేదు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లోంచి మద్రాసుకి కవర్లు పంపుతూ బతికాను. నా కథలు వేసుకున్న సంపాదకుల్లో సగం మంది మొహాలు నేనెరుగను. పెద్ద సభల్లో దండలు వేసినప్పుడు "మీకు గురువు ఎవరండీ?" అని అడిగేవారు. అక్కడ ఎవరో గొప్ప రచయిత పేరు చెబుతానని వాళ్ళ ఆశ. "మా మేనత్తండీ" అంటే, "ఓహో, ఆవిడేం రాశారు?" అని మళ్ళీ అడిగేవారు. కార్డులు రాసిందండీ బాబూ, పోస్టు కార్డులు! ఆ మాటతో వాళ్ళకి నా మీద ఆసక్తి పోయేది. పోతే పోయింది. ఇప్పుడు చెబుతాను వినండి, ఆవిడేం రాసిందో.

మా అయ్య లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయనకి అక్క సత్తెమ్మత్త. పెళ్ళయిన ఆరేళ్ళకే మొగుడు పోతే తమ్ముడి క్వార్టర్‌కి వచ్చేసింది. ఆ మొగుడు యార్డులో వ్యాగన్ల మీద నంబర్లు వేసేవాడు. డ్యూటీ అయ్యాక మిగిలిన సుద్దముక్క జేబులో వేసుకొచ్చి, వంటింటి గచ్చు మీద పెళ్ళానికి అక్షరాలు దిద్దబెట్టాడట. "మీ మామయ్య నాకు పుస్తె కట్టినందుకు కాదే, ఆ సుద్దముక్క తెచ్చినందుకు నాను రుణపడిపోనాను" అనేది అత్త. మా క్వార్టర్ల లైనులో ఉన్నవాళ్ళంతా మా వైపు వాళ్ళే. శ్రీకాకుళం, విజీనారం, పాలకొండ పల్లెల్నించి రైలు పనికి వచ్చి, ఇక్కడి బొగ్గు పొగలో స్థిరపడ్డ కుటుంబాలు. మగాళ్ళకి షెడ్డులో హిందీ, ఇంగ్లీషు ముక్కలు వచ్చేవి గానీ తెలుగు రాయడం రాదు. ఆడవాళ్ళకి ఏదీ రాదు. పుట్టింటికి ఒక్క మాట చేరాలంటే సత్తెమ్మత్త గుమ్మం ఎక్కాల్సిందే.

మధ్యాహ్నం వంటలైపోయి, నైట్ డ్యూటీ చేసొచ్చిన మగాళ్ళు తిని పడుకున్నాక మొదలయ్యేది ఆవిడ దర్బారు. వరండాలో చాప, చాప మీద పీట, పీట మీద సిరాబుడ్డి. గోల్ బజార్లో కొన్న సిరా బిళ్ళలు నీళ్ళలో కలపడం, పాళీ గుడ్డతో తుడవడం, పైన చిరునామా రాయడం నా పని. అయిదో క్లాసుతో బడి మానిపించేశారు కదా, పదహారేళ్ళు వచ్చేదాకా నా బడి ఆ చాపే. లోపల మగాళ్ళ గురక, పొయ్యిల్లో ఆరుతున్న బొగ్గు కమురు, ఎవరింట్లోనో ఎండు మెత్తళ్ళు వేయించిన వాసన. ఆ వాసన ఒక ఇంట్లో పుడితే లైనంతా తిరిగొచ్చేది. మగాళ్ళు లేస్తారని అందరూ గుసగుసల్లోనే మాట్లాడేవారు. ఏడుపు కూడా గుసగుసగానే ఏడ్చేవారు పాపం.

అత్త పద్ధతి అత్తది. వచ్చిన మనిషి చెప్పేదంతా చెప్పేదాకా కలం ముట్టుకునేది కాదు. ఎంతసేపైనా సరే, మోకాలి మీద గడ్డం ఆనించి వినేది. అంతా అయ్యాక ఒకటే అడిగేది. "ఓలమ్మా, కార్డు మీద ఒక్క మాటకే సోటుంటే, ఏ మాట రాయమంటావు?" గంటసేపు అత్తగారి మీద, తోడికోడలి మీద చెప్పినామె కాస్సేపు ఆలోచించి, "మా అయ్యకి దగ్గు తగ్గిందో లేదో రాయమను" అనేది. అత్త ఆ మాటే ముందు రాసేది. మిగతావి చోటుంటే ఉంటాయి, లేకపోతే లేదు. నేను తర్వాత ఎన్ని కథలు రాసినా ముందు నన్ను నేను అడుక్కునేది ఆ ప్రశ్నే. పెద్ద పెద్ద పుస్తకాలు చదివిన వాళ్ళు ఇంతకంటే మంచి ప్రశ్న ఏదైనా అడిగితే నాకు చెప్పండి.

ఇంకో ఆచారం ఉంది, అది మా అత్తకి తప్ప ఎవరికీ ఉండగా నేను చూడలేదు. ఉత్తరం రాసినా, వచ్చిన ఉత్తరం చదివిపెట్టినా, అది అవగానే లేచి, ఈ ఇత్తడి గ్లాసుతో నీళ్ళు ముంచుకుని, నోరు పుక్కిలించి, గుమ్మం పక్క డబ్బాలో పెంచిన కరివేపాకు మొక్క మొదట్లో ఉమ్మేసేది. "అయిపోనాది. ఇంక నీ మాట నా నోట్లో లేదు. ఎళ్ళు" అనేది. అంతే. ఎవరి ఇంటి గుట్టూ ఆ వరండా దాటేది కాదు. కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు దుమ్మెత్తిపోసుకునే ఆడవాళ్ళకి కూడా, ఎదుటిదాని రహస్యం సత్తెమ్మ నోటంట రాబట్టొచ్చన్న ఆలోచన ఎప్పుడూ రాలేదంటే చూడండి. ఆ మొక్క కూడా అలా పెరిగిందనుకున్నారూ, లైనంతా పులుసుకి దాని ఆకే.

ఆ వచ్చేవాళ్ళలో పార్వతమ్మ ఒకతె. చివరి క్వార్టర్లో ఉండే, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ భార్య. పదిహేనేళ్ళప్పుడు ఇంట్లో ఒద్దన్న మనిషితో లేచి వచ్చేసింది. నెలకో కార్డు వాళ్ళమ్మకి రాయించేది. అప్పటికి తొమ్మిదేళ్ళుగా రాయిస్తోంది. ఒక్క జవాబు రాలేదు. కానీ కుళాయి దగ్గర చూడాలి మనిషిని! "మా అమ్మ రాసిందర్రా, మా పెరట్లో నిమ్మసెట్టు ఇరగ్గాసిందంట. మిమ్మల్నందర్నీ అడిగినానని సెప్పమంది" అనేది. అందరూ నమ్మేవారు. నిజం తెలిసింది అత్తకి, అత్త పక్కన సిరా కలిపే నాకు, కరివేపాకు మొక్కకి. వయసులో తేడా ఉన్నా నాతో చింతపిక్కలాడేది పార్వతమ్మ. నాకు జ్వరమొస్తే జావ కాచి తెచ్చేది. పిల్లల్లేని మనిషి, నన్ను చూస్తే ప్రాణం.

నాకు అప్పటికే కథలు రాసే పిచ్చి పట్టింది. లైనులో ఆడవాళ్ళంతా కలిసి మద్రాసునించి ఒక వారపత్రిక తెప్పించుకునేవారు. ఆదివారం మధ్యాహ్నం అత్త దాన్ని పైకి చదివేది, అందరూ చుట్టూ కూచుని వినేవారు. అందులో కథ ముందుగా చదివి పెట్టుకోవడం అత్తకి గిట్టదు. "అందరితోపాటే నానూ తెలుసుకుంతాను" అనేది. ఆ కథలు విని విని నేనూ మొదలెట్టాను. యుద్ధం రోజులు, కాగితం దొరికేది కాదు. మా అయ్య షెడ్డునించి తెచ్చిన పాత డ్యూటీ కాగితాల వెనకవైపు రాసేదాన్ని. అన్నీ రాణుల కథలు. రాణి ఎలా ఉంటుందో నాకేం తెలుసు? ఏ రాణి బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద దిగింది గనక! వెళ్ళిన కవరు వెళ్ళినట్టే తిరిగొచ్చేది. నేను మొహం ముడుచుకుని కూచుంటే అత్త, "ఏటైందిప్పుడు? ఎళ్ళిన బండి తిరిగి రాదేటి? మల్లీ పంపు" అనేది. నాలుగోసారి కవరు తిరిగొచ్చినప్పుడు లోపల ఒక చీటీ ఉంది. "అమ్మా, మీరు చూసిన మనుషుల గురించి రాయండి" అని ఎర్రసిరాతో. ఎంత మురిసిపోయానో! చూసిన మనిషి. నేను చూసిన మనుషుల్లో కథ ఉన్న మనిషి ఎవరు?

ఇంకెవరు! వారం రోజుల్లో రాసేశాను. పార్వతమ్మ పేరు మహాలక్ష్మి అని మార్చాను. ఘనకార్యం! ఫైర్‌మన్ మొగుడు అలాగే ఉన్నాడు, లేచి రావడం అలాగే ఉంది, తొమ్మిదేళ్ళ కార్డులు, కుళాయి దగ్గర చెప్పే అబద్ధం, నిమ్మచెట్టుతో సహా దించేశాను. చివర్లో ఆ తల్లి, వచ్చిన కార్డుని చూడకుండానే పొయ్యిలో పెట్టేస్తుంది. అది రాసి నేనే వెక్కి వెక్కి ఏడ్చాను, ఎంత బాగా రాశానో అని. సిగ్గులేకుండా చెబుతున్నాను, కథ పంపి జవాబు కోసం చూసిన రెండు నెలలూ పార్వతమ్మ కార్డు రాయించడానికి వచ్చినప్పుడల్లా నేను మనిషిని చూళ్ళేదు, నా కథని చూసుకున్నాను. అత్తకి ఒక్క ముక్క చెప్పలేదు. వేసుకుంటే అప్పుడు చూపించి ఆశ్చర్యపరుద్దామని.

వేసుకున్నారు. శనివారం టపాలో పత్రిక వచ్చింది. అచ్చులో నా పేరు. అత్త చీర చెంగుతో వేలు తుడుచుకుని మరీ ఆ పేరు మీద రుద్ది చూసింది. "సుద్దతో రాసింది కాదే, సెరగదు!" అని నా తల మీద మొట్టి, ఏడ్చింది. గుమ్మంలోకి వెళ్ళి, మగాళ్ళు నిద్రలేస్తారన్న ధ్యాస కూడా లేకుండా కేకేసింది. "ఒలే, రేపందరూ బేగి రండి! మా గుంట రాసిన కథ సదువుతాను!"

మర్నాడు చాప చాల్లేదు. పక్కింట్లోంచి గోనెసంచులు తెచ్చి పరిచాం. పార్వతమ్మ అందరికంటే ముందొచ్చింది. కొంగు చాటునించి గిన్నె తీసి, "మా రచయిత్రమ్మకి" అని నువ్వులుండలు నా ఒళ్ళో పెట్టి, సరిగ్గా అత్త ఎదురుగా కూచుంది. అప్పుడు తెలిసింది నాకు, నేను చేసిన పనేమిటో. అంతవరకూ నిజంగా తట్టలేదు. నమ్మండి, నమ్మకపోండి. అచ్చయిన కథంటే మద్రాసులో ఎవరో చదువుతారనుకున్నానే గానీ, మా అత్త నోట, మా వరండాలో, ఆ మనిషి ఎదురుగా వస్తుందని నా బుర్రకి తోచలేదు. తొమ్మిదేళ్ళు దాచుకున్న గుట్టు. ఇంకో పావుగంటలో ముప్ఫైమంది ఆడవాళ్ళ మధ్య బట్టబయలైపోతుంది. రేపట్నించి ఆ మనిషి కుళాయికి ఏ మొహంతో వస్తుంది? లేచి పత్రిక లాక్కుని పారిపోదామనిపించింది.

అత్త పత్రిక తెరిచింది. కథ పేరు చదివింది. తర్వాత కళ్ళు ముందుకు పరిగెత్తడం నేను చూశాను. నాలుగైదు పంక్తులు. ఒకసారి దగ్గింది. నా వైపు చూడలేదు. గొంతు సవరించుకుని మొదలెట్టింది.

"కర్గీ రోడ్ స్టేషన్లో ఒక ముసలి పాయింట్స్‌మన్ ఉండీవోడు. ఆడికి ఊర్లో ఒక తమ్ముడు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. పట్టాలు మార్చే పాయింట్స్‌మనెవరు? నా కథలో పాయింట్స్‌మన్ లేడే! అత్త వేలు పంక్తుల వెంట నడుస్తోంది. అక్కడ మహాలక్ష్మి ఉంది, అత్త నోట ముసలాడొస్తున్నాడు. అన్నదమ్ములు ఒక కోడిపుంజు దగ్గర దెబ్బలాడుకుని విడిపోయారట. అన్న నెలకో కార్డు రాయిస్తాడట. జవాబు రాదట. ముసలాడు గార్డులతో మాత్రం తమ్ముడు రాశాడని గొప్పలు పోతాడట. కోడిపుంజు దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు. పేజీ అయిపోయిన చోట పేజీ తిప్పింది. నేను బాగా రాశానని మురిసిపోయిన రెండు మూడు మాటల్ని ఎక్కడా పారేయలేదు, ముసలాడి నోట పెట్టేసింది. ఎక్కడా తడబడలేదు, వెనక్కి వెళ్ళలేదు, ఒక్క ఊపిరి ఎక్కువ తీసుకోలేదు. నేను అరవై ఏళ్ళుగా రాస్తున్నాను. కాగితం, కలం, కొట్టివేతలు, తీరిక అన్నీ ఉండి రాస్తున్నాను. ముప్ఫైమంది ఎదురుగా, ఒక కథ మీద వేలు పెట్టి ఇంకో కథ చెప్పడం నావల్ల కాదు. మీవల్లా కాదు.

చిత్రమేమిటంటే నాకు కోపం వచ్చింది. భయం తీరిపోగానే కోపం! అది నా కథ కాదు, నా పేరు పెట్టి ఇంకేదో చదివేస్తోంది అని. చివర్లో నా కథలో తల్లి కార్డుని పొయ్యిలో పెట్టింది కదా, అత్త ముగింపులో ఒకనాడు పాసింజరు బండి ఆగుతుంది. తమ్ముడు దిగుతాడు. చేతిలో గుడ్డమూట. విప్పితే అన్నీ కార్డులే. "రాయడం నాకు రాదురా అన్నా, అందుకని నానే వొచ్చీసినాను" అంటాడు. వరండాలో ముక్కులు ఎగబీల్చని ఆడది లేదు. పార్వతమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. నా కోపం ఎటు పోయిందో తెలీదు. అది నా కథకంటే మంచి కథ. అక్కడికక్కడే ఒప్పుకున్నాను, ఇప్పటికీ ఒప్పుకుంటాను.

అత్త పత్రిక మూసింది. లేచింది. గ్లాసుతో నీళ్ళు ముంచుకుని, నోరు పుక్కిలించి, కరివేపాకు మొక్కలో ఉమ్మింది. అందరూ "బాగుందే గుంటా, బాగుంది" అని నా బుగ్గలు పుణికి వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక అత్త నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పత్రిక నా ఒళ్ళో పడేసింది. "పేరు మారిస్తే మనిషి మారిపోద్దేటే? దీన్నేటి సేత్తావో నీ ఇట్టం" అని లోపలికెళ్ళిపోయింది. లైనుకి వచ్చేది ఆ ఒక్క పత్రికే. అచ్చులో నా పేరున్నదీ అదొక్కటే. ఇంకోసారి నా పేరు అచ్చవుతుందన్న నమ్మకం లేదు. చాలాసేపు కూచున్నాను. తర్వాత వెళ్ళి బొగ్గుల పొయ్యిలో పెట్టాను. మంచి కాగితం కాదు, చప్పున అంటుకుంది.

మంగళవారం మధ్యాహ్నం పార్వతమ్మ కార్డు పట్టుకుని వచ్చింది. ఇంకెవరూ లేరు. అత్త పీట జరిపి కూచోబోతే, "నువ్వొద్దొదినా. ఆ గుంటని రాయమను" అంది. అత్త నా వైపు, నేను అత్త వైపు చూసుకున్నాం. పార్వతమ్మ చాప పుల్ల ఒకటి గిల్లుతూ, "వొదినా, ఇన్నేళ్ళూ ఆదోరం ఆదోరం కథలు సదివినావు. కథ సదివి ఎప్పుడైనా నోరు పుక్కిలించినావేటి?" అంది.

అన్ని పంక్తులు తడుముకోకుండా మార్చేసిన అత్త, ఆ రోజు అలవాటు చొప్పున లేచి వెళ్ళి పుక్కిలించేసింది. ఉత్తరానికే అది. కథకెప్పుడూ లేదు. అత్త తల వంచుకుంది.

"కోపమేటీ లేదు నాకు. నువ్వు రాసింది సదువు" అంది పార్వతమ్మ నాతో.

"లేదు. కాల్చేశాను" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"అయితే సెప్పు. నోటితో సెప్పు" అంది. నా మొహంలోకి చూడకుండా, "అందులో మా అమ్మ సెడ్డది కాదు కదా?" అని అడిగింది.

తనని ఏం రాశానని అడగలేదు. తన అబద్ధం బయటపెట్టానా అని అడగలేదు. కార్డు మీద ఒక్క మాటకే చోటుంటే ఆ మనిషి రాయించే మాట అది. నేను ఆ తల్లిని పొయ్యి ముందు కూచోబెట్టాను, చేతిలో కార్డు పెట్టాను, నిప్పులో వేయించాను. ఏం చెప్పను?

చెప్పాను. ఎక్కణ్ణించి వచ్చాయో మాటలు తెలీదు. "కాదు పార్వతమ్మా. మీ అమ్మకి చదువు రాదు. ఎవరిచేతైనా చదివించుకుంటే ఊరంతా తెలిసిపోతుందని సిగ్గు. అందుకని కార్డు వచ్చినప్పుడల్లా బియ్యం కుండలో దాస్తుంది. వంటకి బియ్యం తీసినప్పుడల్లా ముట్టుకుని చూసుకుంటుంది. ఏముందో తెలీదు, నువ్వు బతికున్నావని తెలుస్తుంది. వచ్చే నెల కార్డు కోసం చూస్తుంది" అన్నాను.

పార్వతమ్మ తల ఊపింది. "అచ్ఛా. అదీ. అలగే ఉంటాది" అంది. "మరింకేటి, రాయి. నిమ్మసెట్టు కాసిందా అని రాయి." రాశాను. అక్షరాలు వంకర టింకరగా వచ్చాయి. ఆవిడ కార్డు పట్టుకుని వెళ్ళాక అత్త ఈ గ్లాసు నిండా నీళ్ళు ముంచి తెచ్చి నా చేతికిచ్చింది. నేను పుక్కిలించి మొక్కలో ఉమ్మాను.

రింకీ ఇదంతా విని, "ఫిర్? జవాబు వచ్చిందా?" అంది. రాలేదు. ఎప్పటికీ రాలేదు. అయితే ఆ మర్నాటినుంచి పార్వతమ్మ కుళాయి దగ్గర మా అమ్మ రాసిందని చెప్పడం మానేసింది. ఎవరో అడిగితే బిందె చంకనెత్తుకుని, తల తిప్పుకోకుండా చెప్పింది.

"మా అమ్మ ఎప్పుడూ రాయలేదర్రా. మా ఊర్లో సత్తెమ్మొదిన నాంటి మనిషి లేదు. ఉంటే మా అమ్మ ఎప్పుడో రాసును."

పార్వతమ్మ పేరు పార్వతమ్మ కాదు. పేరొక్కటే మార్చాననుకోకండి. ఇంకా చాలా మార్చాను, ఏవేవో చెప్పను. రాయడం అయిపోయింది. రింకీని ఈ గ్లాసుతో నీళ్ళు తెమ్మన్నాను.